ఎత్తుకుపోలేని పెట్టె

ఆదివారం పొద్దున శివరామ్ వంటింటి గట్టు మీద దినపత్రికను నాలుగు మడతలు వేసి పరిచాడు.

"ల్యాప్‌టాప్ అంటే ఇంతే ఉంటాది" అన్నాడు. తరవాత అటక మీదనుంచి పాత టీవీ అట్టపెట్టె దించి, దుమ్ము దులిపి దాని పక్కన పెట్టాడు. "సిస్టం అంటే ఇంత. ఇప్పుడు చెప్పు, ఏది కావాల?"

కోకిల అట్లకాడ చేతిలో పట్టుకుని రెండింటినీ మార్చి మార్చి చూసింది. పెనం మీద దోసె అంచులు లేచి ఎర్రబడుతున్నాయి.

"పేపరే బాగుండాది."

"ఎందుకు?"

"పిండి గిన్నె పక్కనే పట్టేస్తాది."

ఇద్దరికీ నవ్వొచ్చింది. అంత నవ్వాల్సిన మాటేమీ కాదు. కానీ పెళ్ళయి ముప్పై మూడు రోజులే అయింది. కుళాయిలో నీళ్ళు వచ్చే ముందు గొట్టం దగ్గినా, శివరామ్ చొక్కా తిరగేసి తొడుక్కున్నా కోకిలకు నవ్వే. ఇంటి నడుమ ఆకాశం కనబడే ముట్రంలో కూర్చుని ఆకుకూర వలుస్తున్న అత్త మంగళమ్మ, వాళ్ళ నవ్వు వినబడగానే గిన్నెల చప్పుడు కాస్త పెంచింది. కొత్తలో అది కోపమేమోనని కోకిల భయపడింది. ఆ చప్పుడు తమకు తెర వేయడమేనని అర్థం కావడానికి పది రోజులు పట్టింది.

కంప్యూటరు కోకిల పని కోసం. బీఎస్సీ అయ్యాక తెలుగు టైపు లోయరు ప్యాసై, డీటీపీ నేర్చుకుని, రెండేళ్ళుగా ఆమె ఇప్పుడు అత్తవారిల్లున్న పురసవాక్కంలోనే నాగలింగం ప్రెస్సులో తెలుగు పెళ్ళి పత్రికలు కూరుస్తోంది. ఈ అరవ ఊళ్ళో తరతరాలుగా ఉన్న తెలుగువాళ్ళు పత్రికకు ఒక పక్క అరవం, ఒక పక్క తెలుగు వేయిస్తారు. ఆ రెండో పక్కంతా కోకిలది. ప్రెస్సులో ఉన్నది ఒకే మెషీను. అరవం కూర్చే అతను లేచాక, మూడింటినుంచి ఏడింటిదాకా ఆమెకు దొరుకుతుంది. "నీకంటూ ఒక మెషీను ఉంటే తెలుగు పత్రికలన్నీ నీకేనమ్మా. ఆవణి నెల ముహూర్తాలకు నలభై పైనే వస్తాయి" అని నాగలింగం ఆమె తల మీద అక్షింతలు వేస్తూ చెప్పాడు. పెళ్ళిలో చదివించిన డబ్బు దానికేనని ఇద్దరూ నాలుగో రోజే అనుకున్నారు. అనుకున్నది మొదలు రోజూ ఇదే చర్చ. శివరామ్ పనిచేసే అంబత్తూరు వాల్వుల కంపెనీలో విజయకుమార్ అని స్నేహితుడు. వాడి అన్న సింగపూరునుంచి తెచ్చి రెండేళ్ళు వాడిన ల్యాప్‌టాప్ ఒకటి అమ్మకానికి ఉంది. అదే ధరకు రిచీ స్ట్రీటులో విడిభాగాలు బిగించి కొత్త సిస్టం ఇస్తారు. ధర ఒకటే కావడంతో తేల్చుకోవడం మరీ కష్టమయింది.

ఆ సాయంత్రం వ్యాసర్పాడినుంచి కోకిల అమ్మానాన్నలు పచ్చయమ్మ, చెంగల్రాయుడు వచ్చారు. పళ్ళు, పూలు, కొత్త పంచాంగం కూడా తెచ్చారు.

"వదినా, గురువారంతో ఆషాఢం పుడతా ఉండాది" అంది పచ్చయమ్మ, తాంబూలం పళ్ళెం మంగళమ్మ ముందుకు జరుపుతూ. "బుధవారం పొద్దు గూకేలోపల పాపను తీసుకుపోతాము."

మంగళమ్మ గోడ మీది తేదీ చీటీల క్యాలెండరు వైపు చూసింది. "ఆడి నెలకు ఇంకా మూడు వారాలకు పైనే ఉండాది గదా వదినా."

అప్పుడు బయటపడింది సంగతి. మంగళమ్మ వాళ్ళు ఈ ఊరికొచ్చి ఎన్ని తరాలయిందో ఎవరికీ తెలీదు. ఇంట్లో మాట తెలుగే కానీ నెలలు మాత్రం అరవ నెలలు. కొత్త కోడలిని పుట్టింటికి పంపేది ఆడి నెలలో. పచ్చయమ్మది సూళ్ళూరుపేట. ఆమె లెక్క అమావాస్యనుంచి అమావాస్యకు. ఒకరిది జూన్ ఇరవై అయిదున మొదలై జూలై ఇరవై మూడుతో పోతుంది. ఇంకొకరిది జూలై పదిహేడున మొదలై ఆగస్టు పదహారుదాకా లాగుతుంది.

"మీ ఇంటి పిల్ల. మీ పద్ధతే మాకు ముఖ్యం చెల్లెమ్మా" అన్నాడు చెంగల్రాయుడు. రైల్వే యార్డులో ఫిట్టరాయన, మాట తూచినట్టు మాట్లాడతాడు. "ఆడి నెలకే పంపండి. ఆషాఢాన్ని వదిలేద్దాము."

"అదెట్లా అన్నా? ఆషాఢంలో బిడ్డను ఈడే పెట్టుకోని, మీ పద్ధతి తప్పించినామన్న మాట మాకెందుకు? బుధవారమే తీసుకుపోండి."

"అట్లయితే ఆడి నెల పోయిందాకా మేమే పెట్టుకుంటాము" అంది పచ్చయమ్మ. "మీ పద్ధతీ తప్పొద్దు."

మర్యాదలో ఎవరూ ఎవరికీ తగ్గలేదు. ముగ్గురి ముఖాలూ తృప్తిగా వెలిగాయి. తలుపు వెనక కోకిల వేళ్ళ కణుపులు లెక్కపెట్టింది. యాభై మూడు. తలెత్తితే ఎదురుగా స్తంభం పక్కన శివరామ్ కూడా కణుపులే లెక్కపెడుతున్నాడు. అతని పెదవులు 'యాభై మూడు' అన్నట్టు కదిలాయి. అప్పుడు మాత్రం ఇద్దరికీ నవ్వు రాలేదు.

"ఇంక ల్యాప్‌టాపే" అన్నాడు అతను ఆ రాత్రి కంచం ముందు కూర్చుంటూ. "నువ్వు యాడుంటే ఆడ నీ పని. విజయకుమార్‌కు చెప్పేస్తా."

సోమవారం సాయంత్రం అతను అంబత్తూరునుంచి ల్యాప్‌టాప్‌ను ఒళ్ళో పెట్టుకుని బస్సులో వచ్చాడు. రెండు రోజులు వాడి చూసి చెప్పమన్నాడట విజయకుమార్. నల్లటి బ్యాగు జిప్పు తీసి, దాన్ని మంచం మీద పెట్టి మూత ఎత్తాడు. బూడిదరంగు తెర మెల్లగా వెలిగింది. మీటల నడుమ గోలీకాయంత బంతి ఒకటి. వేలితో దొర్లిస్తే తెర మీద బాణం గుర్తు పరుగెత్తుతుంది.

కోకిల దాన్ని ఇల్లంతా తిప్పింది. కాళ్ళు బారజాపి గచ్చు మీద, ఉయ్యాల బల్ల మీద, డాబా మీద కూర్చుని టైపు చేసింది. వంటింటి గట్టు మీద పిండి గిన్నె పక్కన పెట్టి చూసింది. నిజంగానే పట్టింది. ప్రెస్సునుంచి తెచ్చిన తెలుగు ఫాంట్ల ఫ్లాపీ ఎక్కించి, మొట్టమొదట తమ ఇద్దరి పేర్లతో పత్రిక కూర్చింది. ముహూర్తం దగ్గర 'ప్రతిరోజూ' అని వేసింది. శివరామ్ అది చదివి చెవుల దాకా ఎర్రబడ్డాడు.

"ఏందబ్బా అది, అన్నం డబ్బా మాదిరి ఉండాది" అంది మంగళమ్మ గుమ్మంలోంచి.

"దీనిలో పెళ్ళిళ్ళే చేసేయచ్చు అత్తా."

"నా పెళ్ళికి ఇట్లాంటిది ఉండుంటే మీ మామ పేరు కొంజం అందంగా వేయించుంటాను."

ఇరవై నిమిషాలకు బ్యాటరీ అయిపోయి తెర నల్లబడింది. తీగ తగిలించుకుని మళ్ళీ మొదలుపెట్టింది. అక్షరాలు చిన్నవి. కొంచెం పక్కకు జరిగి చూస్తే తెర వెలిసిపోతుంది. ఒత్తులు పొగలో చీమల్లా ఉన్నాయి. ముఖం దగ్గరగా పెట్టి నిజమైన పత్రిక ఒకటి పూర్తిచేసేసరికి మెడ పట్టేసింది. అయినా ఆమె ఆ మాట అనలేదు. శివరామ్ ఎదురుగా గచ్చు మీద చేరి, మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని, తన చేత్తో చేసినదాన్ని చూసుకున్నట్టు ఆ పెట్టెను చూస్తున్నాడు.

"ఎట్లా ఉండాది?"

"చాలా బాగుండాది" అంది. ఆ క్షణానికి అది నిజమే.

మంగళవారం మూడింటికి ప్రెస్సుకు వెళ్ళి, మిషను వెనక సిరా వాసనలో కూర్చున్న నాగలింగానికి ల్యాప్‌టాప్ సంగతీ, పుట్టింటికి పోయే సంగతీ చెప్పింది. ఆయన తెలుగు గడగడా మాట్లాడతాడు, ఒక్కక్షరం చదవలేడు. కోకిల కూర్చినదాన్ని దూరంగా పట్టుకుని, పటం చూసినట్టు చూసి, 'బాగుండాది' అంటాడు. రెండేళ్ళుగా ఆ చూపు మీదే నడుస్తోంది పని.

"ల్యాప్‌టాప్‌నా? పెద్ద ఆఫీసరమ్మ అయిపోయినావే" అని సంతోషపడ్డాడు. "అయితే ఇంక నువ్వు ఈడకి రావాల్సిన పనే లేదు. మా మనిషి వ్యాసర్పాడికి వచ్చి కాగితం ఇచ్చి ఫ్లాపీ తీసుకుంటాడు. నీ కుర్చీ అరవం కూర్చే ఇంకో అతనికి వేసేస్తాను. జాగా లేదని పావం ఎన్నాళ్ళుగానో అడుగుతా ఉండాడు."

"తిరిగి వచ్చినాక?"

"యాడికి?"

"ఈడకి. మా ఇంటికి."

"అప్పుడూ అంతే గదమ్మా. నువ్వు యాడుంటే నాకేంది, పత్రిక వస్తే చాలు."

ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. కోకిల తన కుర్చీ మీది పలచటి మెత్తను మడిచి సంచిలో పెట్టుకుంది. అరవం కూర్చే అతను లేచి వెళ్ళొస్తానన్నట్టు తలూపాడు. పురసవాక్కం హైరోడ్డు మీద బట్టల కొట్ల ముందు ఆడి తళ్ళుపడి, అంటే ఆడి నెల తగ్గింపు ధరల బ్యానర్లు అప్పుడే కడుతున్నారు. నిచ్చెన మీదున్న మనిషి చెయ్యిజార్చిన తాడును కింద ఉన్నవాడు గాల్లోనే పట్టుకున్నాడు. ఇంకో రోజయితే ఆ సంగతి శివరామ్‌కు చెప్పాలని ఇంటిదాకా మూట కట్టుకుపోయేది. ఆ వేళ దాన్ని అక్కడే వదిలేసింది.

ఇంటికి వచ్చేసరికి మంగళమ్మ హాల్లో సూట్‌కేసు తెరిచి కూర్చుని ఉంది. మడతపెట్టిన చీరలు ఒక పక్క, జాకెట్లు ఒక పక్క, వేపాకు పొట్లం ఒక మూల. నడుమ ఒక దుప్పటి పరిచి, దాని మీద ల్యాప్‌టాప్‌ను పెట్టింది. రెండు వైపులా తువ్వాళ్ళు దోపింది.

"చూడు అమ్మీ, కొలిచి చేసినట్టు పట్టింది. బస్సులో కుదిపినా ఏమీ కాదు." ఆమె ముఖంలో పని కుదిరిన ఆనందం. "మంచి పని చేసినాడు మావాడు. ఇంక ఆషాఢమైనా ఆడి నెలైనా, రేపు కానుపుకు పోయినా నీ పని ఆగదు. ఎన్నాళ్ళైనా ఉండి రావచ్చు."

అప్పుడే వచ్చిన శివరామ్ చెప్పులు విప్పుతూ సూట్‌కేసును చూసి నవ్వాడు. "నాకు ఇప్పుడే నిమ్మళంగా ఉండాది కోకిలా. నువ్వు ఆడ ఊరికే కూర్చోని బాధపడతావని దిగులుగా ఉండె. ఇంక నిశ్చింత."

శివరామ్ నిశ్చింత. అత్త నిశ్చింత. నాగలింగం నిశ్చింత. కోకిల గచ్చు మీద కూర్చుని సూట్‌కేసు మూత వేసింది. రెండు గొళ్ళేలూ తేలిగ్గా పడ్డాయి. లేచి పిడి పట్టుకుని ఎత్తి చూసింది. ఆమె చీరలు, ఆమె పని, ఆమె కుర్చీ మీది మెత్త, అంతా కలిపి ఒక చేత్తో లేచింది.

బుధవారం శివరామ్ సగం రోజు సెలవు పెట్టాడు. విజయకుమార్‌కు డబ్బు ఇచ్చేలోపల ల్యాప్‌టాప్‌కు కొత్త బ్యాటరీ దొరుకుతుందేమో కనుక్కుందామని ఇద్దరూ రిచీ స్ట్రీటుకు వెళ్ళారు. సందు నిండా తీగల చుట్టలు, స్పీకర్లు, అట్టపెట్టెలు, వాటి నడుమ దారి వెతుక్కునే మనుషులు. మెట్ల కింద ఒక చిన్న కొట్టు. ఓనరు ఆనందన్ స్క్రూడ్రైవరు చెవి మీద పెట్టుకుని, అరవంలో శివరామ్‌తోనే మాట్లాడాడు. ఈ బ్యాటరీ ఈ ఊళ్ళో దొరకదు, బొంబాయినుంచి రావాలి, నెల పడుతుంది. సార్ ఏ కంపెనీ, సార్‌కు ఏం పని దీనితో, సార్ గేమ్స్ ఆడతారా.

"పని నాది" అంది కోకిల.

"ఓహో" అని ఆనందన్ మళ్ళీ శివరామ్ వైపు తిరిగి, మేడం ఏం పని చేస్తారని అడిగాడు.

గల్లా బల్ల చివర అప్పుడే బిగించిన సిస్టం ఒకటి నడుస్తోంది. కోకిల దాని ముందు స్టూలు లాక్కుని కూర్చుంది. సంచిలోంచి ఫ్లాపీ తీసి దూర్చింది. గరగరమని చప్పుడు, తరవాత తెర నిండా ఆమె కూర్చిన పత్రిక. పసుపు అంచు పసుపుగా, అక్షరాలు నల్లగా, ఒత్తులు దేనికది విడివిడిగా నిలబడ్డాయి. మీటలు లోతుగా దిగి టకటకమన్నాయి. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో నేర్చిన వేళ్ళు ఇల్లు చేరినట్టు వాటి మీద సర్దుకున్నాయి. రెండు వరుసలు కొట్టింది. మెడ వంచాల్సిన పని లేకపోయింది.

"ఇది ఎంత బరువు ఉంటుంది?" అని అరవంలో అడిగింది.

ఆనందన్ మొదటిసారి ఆమె ముఖం చూశాడు. స్పీడు అడుగుతారు, మెమరీ అడుగుతారు, బరువు ఎవరూ అడగరు మేడం అన్నాడు. మానిటరే పధ్నాలుగు కిలోలట. సీపీయూ, యూపీఎస్ కలిపితే ఇద్దరు మనుషులు కావాలట. ఒకచోట పెట్టాక ఊరికే కదపకూడదట.

"కదపకూడదా?"

"కదపకూడదు. దుమ్ము పడకుండా గుడ్డ కప్పి అక్కడే ఉంచాలి."

"అయితే ఇదే ఇవ్వండి" అంది కోకిల.

శివరామ్ ఆమెను బయటికి పిలిచాడు. సందు మొదట్లో రోజ్‌మిల్క్ బండి దగ్గర నిలబడ్డారు. రెండు గ్లాసులు తీసుకున్నాడు కానీ తాగలేదు.

"ఇప్పుడు దీన్ని ఎట్లా తీసుకుపోతావు ఆడికి? సాయంత్రం మీ నాయిన వస్తాడు."

"తీసుకుపోను."

"పని?"

"పని ఈడ ఉంటాది."

"నువ్వు ఆడ, పని ఈడా?" అతని గొంతు కాస్త తగ్గింది. "నచ్చలేదని నిన్ననే చెప్పుంటే అయిపోయేది గదా. నీ కోసమే గదా కోకిలా వెతికినాను. రెండు బస్సులు మారి ఒళ్ళో పెట్టుకోని తెచ్చినాను."

కోకిలకు ఏడుపు వచ్చినంత పనయింది. అతని చేతిలో గ్లాసు మీద నీటిచుక్కలు జారి మణికట్టు మీద పడుతున్నాయి. వాటిని కొంగుతో తుడిచింది. నడివీధిలో అట్లా తుడిచినందుకు ఇద్దరూ కొంచెం బిత్తరపోయారు.

"నచ్చకపోవడమేంది. తెర చిన్నదైనా మెడ వంచుకోని చేసుకుంటాను. అది కాదు" అంది. "నిన్న సూట్‌కేసు ఒక్క చేత్తో లేచిందండి. అది ఉంటే నన్ను యాడికైనా పంపచ్చు. ఎవరికీ బాధ లేదు. అందరూ నవ్వుతానే పంపుతారు. నాగలింగం సార్ కుర్చీ తీసేసినాడు నవ్వుతానే. అత్త తువ్వాళ్ళు దోపింది నవ్వుతానే." అతని ముఖంలోకి చూసింది. "మీరూ నిశ్చింత అన్నారు."

శివరామ్ గ్లాసు బండి మీద పెట్టేశాడు.

"నేను లేకపోతే ఇంట్లో ఏదన్నా ఒకటి ఆగిపోవాలండి. ఒక్కటన్నా. ఎత్తుకుపోవడానికి లేనిది ఒకటి నాది ఆ ఇంట్లో ఉండాల."

అతను చిల్లర తీసి బండివాడికి ఇచ్చాడు. తరవాత చొక్కా జేబులోంచి చిన్న డైరీ తీసి, విజయకుమార్ నంబరు వెతుక్కుంటూ ఎదురుగా ఉన్న ఫోను బూతులోకి వెళ్ళాడు. అద్దం వెనక అతను మాట్లాడటం, తల గోక్కోవడం, మళ్ళీ మాట్లాడటం కనబడింది. బయటికి వచ్చి, "వాడికి వేరే బేరం ఉండాదంట" అన్నాడు. అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు. అప్పుడు రోజ్‌మిల్క్ ఒక్క గుక్కలో తాగేశాడు. పై పెదవి మీద గులాబీరంగు మీసం మిగిలింది. కోకిల చెప్పలేదు. దాంతోనే అతను కొట్లోకి వెళ్ళి ఆనందన్‌తో మాట్లాడాడు.

ఆటోలో కోకిల ఒళ్ళో మానిటరు, శివరామ్ కాళ్ళ మధ్య సీపీయూ. ఇల్లు చేరేసరికి నాలుగయింది. పచ్చయమ్మ, చెంగల్రాయుడు అప్పటికే వచ్చి కాఫీలు తాగుతున్నారు. సూట్‌కేసు గుమ్మం పక్కన సిద్ధంగా ఉంది. ఇద్దరూ కలిసి అట్టపెట్టెలు దించుతుంటే లోపలివాళ్ళు ముగ్గురూ లేచి నిలబడ్డారు.

"ఇదేంది, ఇంత పెద్దది?" అంది పచ్చయమ్మ. "దీన్ని ఏ బస్సులో ఎక్కించేది? మా ఇంట్లో సాయంత్రమైతే లైటే సరిగ్గా వెలగదు."

"అది రాదమ్మా. ఈడనే ఉంటాది" అంది కోకిల. అత్త వైపు తిరిగింది. "అత్తా, నలభై పత్రికలు ఒప్పుకున్నాను. ఆడి నెల పోయేలోపల ఇచ్చేయాల. నేను చేసుకుంటా అన్నాను. ఇప్పుడు పోతే..." పద్ధతి కాదనడం ఆమెకు అలవాటు లేదు. పైగా ఎవరూ తిట్టడం లేదు.

మంగళమ్మ కిందికి వంగి మానిటరు పెట్టెను ఒక పక్కనుంచి ఎత్తబోయింది. అది కదల్లేదు. చీర కుచ్చెళ్ళు దోపుకుని రెండు చేతులతో పట్టింది. ఒక మూల లేచి మళ్ళీ దిగింది.

"బాగా బరువు" అంది.

చెంగల్రాయుడు కాఫీ గ్లాసు కింద పెట్టాడు.

"నాకూ ఒక మిషను ఉండె వదినా" అంది మంగళమ్మ పెట్టె మీదే చెయ్యి ఉంచి. "కుట్టు మిషను. చేత్తో తిప్పేది, ఎత్తుకుపోయే మాదిరి. ఆడి నెలకు మా అమ్మింటికి పోయి వచ్చేసరికి మా ఆడబిడ్డ తీసుకుపోయి ఉండాది. అడిగితే, నువ్వు లేవు గదా, సుమ్మా, ఊరికే పడుండాది గదా అన్నారు. నిజమే గదా. ఏమని అడిగేది."

చెప్పి, ఆమె ముట్రంలోకి నడిచి పైకి చూసింది. పైన మేడ గది ఉంది. పాత సామాన్లు పెట్టే గది. దానికి మెట్లు ఇంట్లోంచి కాదు, పక్క సందులోంచి. ముట్రంలోకి మాత్రం ఒక కిటికీ.

"ఆషాఢంలో అత్తా కోడలూ ఒక గడప దాటకూడదు. అంతే గదా వదినా పద్ధతి?"

"అంతే వదినా. మొగుడూ పెళ్ళాం ఒక ఇంట్లో నిద్ర చేయకూడదు, అల్లుడు మా గడప తొక్కకూడదు, అదీ ఉండాది" అంది పచ్చయమ్మ బెరుగ్గా.

"మేడ గదికి గడప వేరే. నేను దాన్ని తొక్కను. అది ఈ గడప తొక్కదు. పొద్దున అన్న యార్డు డ్యూటీకి పోతా దించేస్తాడు. పని చేసుకుంటాది. అన్నం నేను గంపకు తాడు కట్టి కిటికీలోంచి పంపుతాను. పొద్దు గూకేలోపల మీ ఇంటికి వచ్చేస్తాది. నిద్ర ఆడే."

"సాయంత్రం ఒక్కతే ఎట్లా వస్తాది?" అన్నాడు చెంగల్రాయుడు.

"ఒక్కదాన్నే ఎందుకు పంపుతాను? మావాడు కంపెనీనుంచి అయిదున్నరకు దిగతాడు. బస్సులో తెచ్చి మీ వీధి మొదట్లో విడిచిపెడతాడు. మీ గడప తొక్కడు." మంగళమ్మ పచ్చయమ్మ చేతిలోని పంచాంగం వైపు చూపించింది. "బస్సు సంగతి దాంట్లో యాడన్నా రాసుండాదా, చూడండి వదినా."

పచ్చయమ్మ నిజంగానే రెండు పేజీలు తిప్పింది. చెంగల్రాయుడు గబుక్కున గోడ వైపు తిరిగాడు. ఆయన భుజాలు కదులుతుంటే దగ్గొచ్చిందేమో అనుకుంది కోకిల.

"రాయలేదు" అంది పచ్చయమ్మ.

"ఇంకేంది" అని మంగళమ్మ శివరామ్ వైపు తిరిగింది. "సుమ్మా నిలబడకు. పొద్దు గూకేలోపల ఇవి పైకి చేర్చాల. మూతి తుడుచుకో ముందు, ఏందది ఎర్రగా."

మేడ గది ఆ గంటలో ఖాళీ అయింది. చెంగల్రాయుడు చొక్కా విప్పి, మానిటరును భుజానికెత్తుకుని, యార్డులో చక్రం మోసినవాడిలా ఒక్కో మెట్టూ లెక్కగా ఎక్కాడు. మంగళమ్మ మెట్ల కిందనే నిలబడి, పసుపు ఆ మూల రాయి, ముగ్గు ఈ పక్కకు తియ్యి అని కోకిలకు చెప్పింది. అయిదున్నరకు కోకిల ల్యాప్‌టాప్ తీసేసిన సూట్‌కేసు పట్టుకుని బయల్దేరింది. అది ముందు రోజుకన్నా తేలిగ్గా ఉంది.

గురువారంనుంచి పని మొదలయింది. కిటికీ కింద ముట్రంలో అత్త, పైన కోకిల. ఒకే ఇంట్లో ఉన్నన్నాళ్ళూ మాట్లాడుకోనన్ని మాటలు ఆ కిటికీలోంచి నడిచాయి. గంప పైకి వచ్చినప్పుడల్లా అన్నం కాక ఇంకోటి కూడా ఉండేది. ఒక వడ, ఒక మూర కనకాంబరాలు, ఒకసారి మంగళమ్మ పక్కింటివాళ్ళ దగ్గర పట్టుకొచ్చిన పత్రిక ఆర్డరు. పిల్లలు అరవమే చదువుతారు, అయినా తెలుగు పక్క ఉండాలని తాత పట్టుబడుతున్నాడట.

శుక్రవారం సాయంత్రం శివరామ్ సందులోంచే ఈల వేశాడు. ముఖం కడుక్కుని, చొక్కా మార్చుకుని వచ్చాడు. ఇద్దరూ నడిచి బస్సెక్కారు. ఎడమవైపు ఆడవాళ్ళ సీట్లలో కిటికీ పక్కన ఒకామె, ఇవతల కోకిల కూర్చున్నారు. శివరామ్ ఆమె పక్కనే కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. కుడివైపు సీటు ఖాళీ అయినా కూర్చోలేదు. బస్సు కుదిపినప్పుడల్లా అతని మోచేయి ఆమె భుజానికి తగులుతోంది. ఆమె భుజం పక్కకు జరపలేదు.

పొద్దున్నుంచి చేసినవన్నీ కోకిల చెప్పింది. ఒక పత్రికలో పెళ్ళికొడుకు తరఫు పెద్దలు పదహారుమంది, ఒక్కరి పేరు వదిలినా పెళ్ళి ఆగిపోతుందట. మధ్యాహ్నం కరెంటు పోతే యూపీఎస్ పిల్లి మాదిరి అరిచిందట, కిందనుంచి అత్త దాన్ని అదిలించిందట. శివరామ్ వంగి వింటున్నాడు. ఇంట్లో ఇంతసేపు ఇట్లా మాట్లాడుకున్నదే లేదు.

కండక్టరు వచ్చాడు. వ్యాసర్పాడికి రెండు టిక్కెట్లు అడుగుతాడనుకుంది కోకిల. శివరామ్ చిల్లర ఇచ్చి, ఆమె వైపు చూడకుండా, కడైసి స్టాపుకు, వ్యాసర్పాడి దాటి బస్సు చివరన ఆగే చోటుకు, రెండు అన్నాడు.

వ్యాసర్పాడి వచ్చింది. దిగేవాళ్ళు దిగారు. కోకిల సంచి సర్దుకుంది కానీ లేవలేదు.

"ఆడనుంచి మీ వీధికి వెనక్కి నడిస్తే ఇరవై నిమిషాలు" అన్నాడు శివరామ్.

"మెల్లగా నడిస్తే?"

అతను ఆలోచించాడు. "ముప్పై అయిదు. పొద్దు గూకేలోపల చేరిపోతాము."

కండక్టరు విజిల్ వేశాడు. కిటికీ పక్కామె అప్పటికే దిగిపోయింది. కోకిల లోపలికి జరిగి, తన పక్క ఖాళీ అయిన చోట సంచి పెట్టబోయి, పెట్టకుండా ఒళ్ళోకి తీసుకుంది.